పోటు తగిలే నదిలో చమ్ సాల్మన్‌ను గాలానికి పట్టడం ఎలా?

దీపావళి వెళ్లి ముసురు పట్టే రోజులు రాగానే సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు మిత్రుల నుంచి ఏటా నాకు రెండే ప్రశ్నలు వస్తుంటాయి. నది మొగలో గుంపులుగా ఎగిరిపడుతున్న ఆ పెద్ద చమ్ చేపలను (సాల్మన్‌లో ఒక రకం) మనం పట్టవచ్చా అన్నది మొదటిది. పట్టినా అవి తినడానికి పనికివస్తాయా అన్నది రెండవది. రెండింటికీ అవుననే చెప్పాలి, కానీ రెండవ సమాధానం మాత్రం మీరు ఎక్కడ నిలబడ్డారు, పోటు ఏ దశలో ఉంది అన్న వాటిని బట్టి మారిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో కలిసే నదులను దృష్టిలో ఉంచుకుని, పడవ లేకుండా ఒడ్డు నుంచి గాలం వేసేవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

గోదావరి జిల్లాల వారు ముందుగా ఒక నమ్మకాన్ని పక్కన పెట్టాలి. సముద్రంలో విలసగా ఉన్న చేప ఎర్రనీటికి ఎదురీది పులస అయ్యేకొద్దీ రుచి పెరుగుతుందని మనం చెప్పుకుంటాం. చమ్ విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఇది నదిలోకి వచ్చేసరికే మేత మానేస్తుంది, ఒంట్లో ఉన్న కొవ్వునే కరిగించుకుంటూ ఎదురీదుతుంది, గుడ్లు పెట్టిన తరువాత చనిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ వెండి రంగు పోయి, పక్కలపై పులిచారల వంటి ఊదా, ఆకుపచ్చ మరకలు తేలి, మాంసం పాలిపోయి పీచుబారుతుంది. పైగా చాలా నదుల్లో ఇది సముద్రానికి దగ్గరలోనే గుడ్లు పెడుతుంది కనుక ఈ మార్పు మొగ దగ్గరే మొదలై ఉంటుంది. మంచి చేప కావాలంటే పోటు నీరు తగిలే కింది భాగంలోనే, అదీ కొత్తగా లోపలికి వచ్చినదాన్నే పట్టాలి. ఇకపై చెప్పబోయేదంతా దాని కోసమే.

కావలసినవి

ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అడుగుల పొడవున్న, 10 నుంచి 20 పౌండ్ల దారానికి సరిపడే రాడ్ ఒకటి కావాలి. దానికి 4000 సైజు స్పిన్నింగ్ రీల్, అందులో 30 పౌండ్ల అల్లిక దారం, చివర కట్టడానికి 12 నుంచి 15 పౌండ్ల నైలాన్ దారం సరిపోతాయి. ట్రౌట్ వంటి చిన్న చేపల కోసం కొన్న సన్నని రాడ్ తీసుకువెళ్లవద్దు. సాధారణంగా నాలుగైదు కిలోలు తూగే ఈ చేప, మొదటి పరుగులోనే దాని సంగతి తేల్చేస్తుంది. జారుడు బెండ్లు, వాటికి తగిన సీసపు గుండ్లు, పావు ఔన్సు నుంచి అర ఔన్సు వరకు బరువున్న గులాబీ, ఊదా, లేత ఆకుపచ్చ రంగుల జిగ్‌లు (బరువైన తల ఉన్న రంగుల గాలాలు) ఐదారు, ఉప్పు పట్టించిన రొయ్య ముక్కలు కొన్ని సిద్ధం చేసుకోవాలి. పొడవు ముక్కు కటింగ్ ప్లేయర్, ముడులు లేని రబ్బరు వల, చిన్న కత్తి, మంచుగడ్డలు నింపిన కూలర్ కూడా ఉండాలి. ఛాతీ వరకు వచ్చే వేడర్లు (నీటిలో దిగడానికి వేసుకునే తడవని తొడుగులు) వేసుకుంటే నడుముకు బెల్టు తప్పకుండా బిగించాలి. బెల్టు లేని వేడర్లు పడిపోయినప్పుడు నీళ్లతో నిండుతాయి, ఆ చల్లని నీటిలో మీ ఈత ఏమీ పనిచేయదు. లైఫ్ జాకెట్ ఖర్చు దగ్గర వెనుకాడవద్దు.

చేయవలసిన విధానం

1. ముందు లైసెన్సు తీసుకోండి. పదిహేనేళ్లు, ఆపై వయసున్న ప్రతి ఒక్కరికీ లైసెన్సు, దానితో పాటు పట్టిన చేపను నమోదు చేసే కార్డు ఉండాలి. మన వాళ్లు ఎక్కువగా అడిగేది వీసా గురించి. స్థానికుల ధరకు లైసెన్సు పొందడానికి పౌరసత్వంతో పని లేదు. రాష్ట్రంలో 90 రోజులుగా స్థిర నివాసం ఉండి, ఇక్కడే కొనసాగే ఉద్దేశం ఉంటే సరిపోతుంది. ఊరి నుంచి చూడడానికి వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం బయటివారి లైసెన్సు కావాలి. ఒకటి నుంచి మూడు రోజులకు ఇచ్చేవి ఉన్నాయి. "నాన్నగారు ఊరికే కాసేపు పట్టుకున్నారు" అన్న మాట అధికారి దగ్గర చెల్లదు, గాలం నీటిలో ఉన్న రాడ్ ఎవరి చేతిలో ఉంటే చేపలు పడుతున్నది వారే. లైసెన్సు సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది.

నియమాలు ఒక్కో నదికి ఒక్కో రకంగా ఉంటాయి, సీజన్ మధ్యలో కూడా మారుతుంటాయి. అందుచేత బయలుదేరే ముందు రోజు రాత్రి రాష్ట్ర చేపల శాఖ యాప్‌లో ఆ నది పేరుతో చూసుకోండి: తెరిచి ఉందా, రాత్రి వేళ నిషేధం ఉందా, చమ్‌ను ఉంచుకోవచ్చా, ఎన్ని ఉంచుకోవచ్చు అన్న నాలుగూ తెలుసుకోవాలి. ప్యూజెట్ సౌండ్‌కు పశ్చిమాన ఉన్న హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ వైపు వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ వేసవి చివర వచ్చే చమ్ జాతి 1999 నుంచి కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉంది. శరదృతువు చివర వచ్చే జాతి వేరు. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి కనుక తేదీయే మీకు గుర్తు.

2. పోటు పట్టికను చదవడం నేర్చుకోండి. చేపలు పడకపోవడానికి ఎర కంటే, రాడ్ కంటే ఇదే పెద్ద కారణం. ప్యూజెట్ సౌండ్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, అవి సమానంగా ఉండవు. రోజులో పెద్ద పోటుకూ, లోతైన ఆటుకూ మధ్య తేడా సియాటిల్ దగ్గర సగటున 11 అడుగులకు పైగా ఉంటుంది, దక్షిణాన ఒలింపియా దగ్గర 14 అడుగులు దాటుతుంది. కాకినాడ ఒడ్డున చూసిన పోటుతో దీన్ని పోల్చుకుంటే పొరపాటు పడతారు.

ఆటు సమయంలో చమ్ గుంపులు మొగ బయట లోతులో ఆగి ఉంటాయి. పోటు లోపలికి తోసుకువస్తున్నప్పుడు దానితో పాటు కదులుతాయి. పోటు పూర్తయ్యే ముందు రెండు గంటలు, నీరు నిలకడగా ఉండే కొద్ది సమయం, ఆపై వెనక్కి తీయడం మొదలైన మొదటి గంట. ఈ వ్యవధిలో మీ గాలం నీటిలో ఉండాలి. ముందు రెండు రోజులు వాన కురిసి నది కొంచెం పెరిగి ఉంటే ఇంకా మంచిది, కానీ నీరు బురదగా మారి చెట్ల దుంగలు కొట్టుకువస్తుంటే ఇంట్లో ఉండడమే మేలు.

ఇక్కడ రెండు మోసాలు ఉన్నాయి. మీరు చూస్తున్న పట్టిక ఏ ఊరిదో గమనించండి. సియాటిల్‌లో పోటు నిండిన సుమారు అరగంటకు గాని ఒలింపియాలో నిండదు, అక్కడి నుంచి నదిలో పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. రెండవది, నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళుతుంది. అచ్చు పట్టికల్లో కొన్ని ఆ మార్పును కలపకుండానే వేస్తారు. ఈ రెండింటినీ సరిచూడడానికి నేను చేసే పని చాలా చిన్నది. ఒడ్డుకు చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, టైము చూసుకుంటాను. పది నిమిషాల తరువాత పుల్ల మొదలు మునిగిందా, తడి గీత పైకి కనబడుతోందా అన్నది చూస్తే, ఆ నది ఆ క్షణంలో ఏం చేస్తోందో ఏ యాప్ కంటే కచ్చితంగా తెలిసిపోతుంది. ఆ టైములను ఫోనులో రాసి పెట్టుకుంటే మూడు నాలుగు సార్లకు ఆ చోటికి మీ సొంత పట్టిక తయారవుతుంది.

3. నిలబడే చోటు ఎంచుకోండి. మలుపు బయటి వైపు లోతుగా ఉన్న కాలువ, పిల్లకాలువ వచ్చి కలిసే చోటు, వంతెన స్తంభాల వెనుక నీరు నెమ్మదించే చోటు మంచివి. వేగంగా పారే నడి నదిలో చేపలు ఎగరడం చూసి అక్కడికి విసరవద్దు. ఎగిరే చేప సాధారణంగా ఎర ముట్టదు, దాని కింద అడుగున నెమ్మదిగా కదులుతున్నవే ముడతాయి.

అసలు ప్రమాదం కాళ్ల కింద ఉంటుంది. మొగల దగ్గర మెత్తని ఒండ్రు మోకాలి దాకా పట్టేస్తుంది, అటువైపు పోటు ఆగదు. నేను మొదటి రోజుల్లో ఆటు సమయంలో చీలమండ లోతున్న చిన్న పాయ దాటి కంకర దిబ్బ మీదికి వెళ్లాను. చేపలు పడుతున్న ఆనందంలో వెనక్కి చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు అదే పాయ ఛాతీ దాకా ఉంది, కూలర్ తేలుతూ వెళ్లిపోయింది, నేను బయటపడింది కేవలం బెల్టు వల్ల. కనుక దిబ్బల మీదికి వెళ్లవద్దు. వెళితే వెనుక ఉన్న పాయలో ఒక రాయిని గుర్తు పెట్టుకుని, అది మునగగానే పడుతున్న చేపనైనా వదిలి వచ్చేయండి.

కొన్ని రోజుల్లో నదిలో స్థానిక తెగల వారి వలలు కనబడతాయి. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1854, 1855 ఒప్పందాలలో వారు తమ చేపల వేట హక్కును వదులుకోలేదు. 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు పట్టదగిన చేపల్లో సగం వారి వాటాగా గుర్తించింది. వలకు దూరంగా, పై వైపుకో కింది వైపుకో జరిగి గాలం వేసుకోండి. వల వేసిన రోజున గొణగడం కంటే ఆ రోజులేవో ముందే తెలుసుకుని వేరే రోజు రావడం తెలివైన పని.

4. గాలం అమర్చుకోండి. ప్రధాన దారంపై మొదట జారుడు ముడి, తరువాత పూస, ఆపై జారే బెండు, దాని కింద సీసపు గుండు, మెలిక తిరగకుండా ఒక స్వివెల్, దాని నుంచి మూరెడు నైలాన్ దారం, చివర జిగ్ కట్టాలి. జిగ్‌కు చిటికెన వేలి గోరంత రొయ్య ముక్క గుచ్చండి. అంతకంటే పెద్దది పెడితే చేప ముక్కను లాక్కుంటుంది గాని గాలం తీసుకోదు. గాలం ముల్లును ప్లేయర్‌తో నొక్కి చదును చేయండి. ప్యూజెట్ సౌండ్ ఉప్పునీటిలో సాల్మన్‌కు ముల్లులేని ఒంటి గాలం తప్పనిసరి. నదిలో ఆ నియమం లేని చోట కూడా చేపను వదలడానికి అదే సులువు.

రంగు గురించి జనం గంటల తరబడి వాదించుకుంటారు. ఉప్పునీరు ఎక్కువగా ఉన్న చోట లేత ఆకుపచ్చ, నదిలోకి వచ్చాక గులాబీ, నీరు మసకగా ఉంటే ముదురు ఊదా అని నేను మొదలుపెడతాను. ఇరవై నిమిషాల్లో స్పందన లేకపోతే రంగు మార్చే ముందు లోతు మారుస్తాను, ఎందుకంటే తప్పు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

5. లోతు సరిచూడండి. జిగ్ నేలకు జానెడు నుంచి రెండు జానల ఎత్తులో పోవాలి. బెండు నిటారుగా నిలబడి నీటితో సాగుతుంటే గుండు నేలను తాకడం లేదని అర్థం. బెండు పక్కకు వాలిపోయినా, ఆగి ఆగి సాగినా గుండు నేల మీద ఈడుస్తోంది. ముడిని కొద్దికొద్దిగా పైకి జరుపుతూ బెండు వాలే దాకా వెళ్లి, అక్కడి నుంచి రెండు జానలు తగ్గించండి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. మామూలు నదిలో అది నిజమే. పోటు నదిలో గంటకు రెండు మూడు అడుగుల నీరు చేరుతుంది, గంట క్రితం సరిపోయిన లోతు ఇప్పుడు చేపల నెత్తి మీద ఉంటుంది. పావుగంటకు ఒకసారి ముడి జరపండి.

6. వేసి, నీటితో పాటు సాగనివ్వండి. కొంచెం ఎగువకు విసిరి, బెండుకూ రాడ్ కొనకూ మధ్య దారం నీటిపై విల్లులా వంగకుండా ఎత్తి ఉంచాలి. నీరు నిలకడ పడినప్పుడు బెండు కదలదు. అప్పుడు బెండు తీసేసి జిగ్‌ను నేరుగా విసిరి, మునగనిచ్చి, రాడ్ కొనను చిన్నగా ఎత్తి దించుతూ నెమ్మదిగా చుట్టుకోండి. చమ్ ఎక్కువగా జిగ్ కిందికి జారుతున్నప్పుడే పట్టుకుంటుంది. ఇది చేతకాకపోతే వెండి రంగు స్పూన్‌ను (చేపలా మెరిసే లోహపు ఎర) నెమ్మదిగా లాగినా పడుతుంది, కాకపోతే అడుగున చిక్కుకుని స్పూన్లు పోగొట్టుకుంటారు.

బెండు మునిగితే వదులు దారం చుట్టి, రాడ్‌ను పక్కకు గట్టిగా తిప్పండి. ప్రతి చిన్న కదలికకూ బలంగా గుంజవద్దు. చేపలు దట్టంగా ఉన్నచోట అలా గుంజితే గాలం వీపుకో, తోకకో దిగుతుంది. నదిలో నోటి లోపల పట్టుబడని సాల్మన్‌ను ఉంచుకోవడం చట్టవిరుద్ధం, కావాలని అలా గుచ్చడం నేరం. దిశ మార్చకుండా కిందికి దూసుకుపోతూ, ఎంత లాగినా తల ఇటు తిప్పని చేపకు ఎక్కువగా గాలం బయటే దిగి ఉంటుంది. దానితో పదిహేను నిమిషాలు పోరాడి ఇద్దరూ అలసిపోయే కంటే రాడ్‌ను నీటి వైపు దించి దారం వదులు చేయండి, ముల్లు లేదు కనుక చాలాసార్లు అదే జారిపోతుంది.

7. నీటిలో ఉండగానే గుర్తించండి. వదలవలసిన సాల్మన్‌ను నదిలో పూర్తిగా నీటి నుంచి పైకి ఎత్తకూడదన్నది ఇక్కడి నియమం, అందుకే ఫొటో కోసం ఒడ్డుకు ఈడ్చవద్దు. చమ్ వీపుపైన గాని తోకపైన గాని స్పష్టమైన నల్ల చుక్కలు ఉండవు, కంటిపాప పెద్దది, తోక మొదలు సన్నగా ఉంటుంది, కింది రెక్క కొన తెల్లగా ఉంటుంది. మిగతా సాల్మన్ రకాల్లో, తోక పైభాగంలోనే చుక్కలుంటే అది కోహో. తోక రెండు భాగాలా చుక్కలుండి కింది చిగురు నల్లగా ఉంటే చినూక్. పెద్ద కోడిగుడ్డు ఆకారపు మచ్చలుంటే పింక్. కోహోను చమ్ అనుకోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు, దాని జరిమానా చిన్నది కాదు. అనుమానం తీరకపోతే వదిలేయండి.

8. ఉంచాలా, వదలాలా తేల్చుకోండి. మబ్బు వెలుతురులో ప్రతి చేప వీపూ ఆకుపచ్చగానే కనబడుతుంది, కనుక వీపు చూడవద్దు. పొట్ట చూడండి. పొట్ట తెల్లగా ఉండి, పక్కలపై చారలు ఉన్నాయా లేవా అన్నంత లేతగా ఉంటే మంచి చేప. తడి చేతితో పక్కను రుద్దినప్పుడు పొలుసులు వేళ్లకు అంటుకుని వస్తే అది కొత్తగా వచ్చిందని అర్థం. నదిలో నాలుగు రోజులు గడిపిన చేప పొలుసు చర్మంలో బిగుసుకుపోతుంది. తోక దగ్గర సముద్రపు పేలు అంటుకుని ఉంటే సందేహమే అక్కరలేదు, అవి మంచినీటిలో ఎక్కువ రోజులు బతకవు. పొట్ట బూడిద రంగుకు తిరిగి, రెక్కలు అరిగి, మగ చేపకు కుక్క కోరల వంటి పళ్లు బయటికి వచ్చి ఉంటే దాని దారిన దాన్ని పోనివ్వండి. ఆ పళ్ల వల్లే దీన్ని ఇక్కడ కుక్క సాల్మన్ అని కూడా అంటారు. గాలం తీసేటప్పుడు వేలు పెట్టకుండా ప్లేయర్ వాడాలని వేరే చెప్పనక్కరలేదు.

9. ఉంచుకున్న దాన్ని వెంటనే చంపి, రక్తం తీయండి. తలపై ఒక దెబ్బ వేసి, మొప్పల కింది నరం కోసి, తాడుకు కట్టి నీటిలో ఐదు నిమిషాలు ఉంచాలి. వెంటనే కార్డులో రాయండి. ఇంటికి వెళ్లి రాద్దామనుకుంటే అది తప్పు కిందికే వస్తుంది. పేగులు తీసి మంచుగడ్డల మధ్య పెట్టండి. తల, తోక తీయకుండా ఉంచాలి, ఏ జాతో అధికారి గుర్తించగలగాలి కదా. ముక్కలు కోయడం ఇంటి దగ్గరే.

తరచుగా చేసే తప్పులు

నది నిండా చేపలు కనబడుతున్నాయి కదా అని ఆటు చివరి గంటలో వచ్చి నిలబడడం మొదటిది. అప్పుడు గుంటల్లో మిగిలి ఉండేవి పాత చేపలు, అవి పట్టుబడినా వదలవలసినవే. రెండవది, దారం అరుగుదల చూసుకోకపోవడం. ప్రతి చేప తరువాత జిగ్ పైన ఉన్న జానెడు దారాన్ని గోటితో తడమండి. గరుకు తగిలితే కోసి కొత్తగా ముడి వేయండి. ఆ పళ్ల రాపిడికి రెండు చేపల కంటే దారం నిలవదు. మూడవది నాకు బాగా తెలిసినది: మొదటి ఏడాది ఉత్సాహంలో చారలు దిగిన మగ చేపను ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను. రెండు రోజులు ఊరినా ముక్క తడిసిన దూదిలా ఉంది, ఇంట్లో ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. చారల చేప ఎలా ఉంటుందో కళ్లతో చూసి నేర్చుకోవాలంటే నవంబరు వారాంతాల్లో ఒలింపియాకు వాయవ్యంగా ఉన్న కెన్నెడీ క్రీక్ సాల్మన్ బాటకు పిల్లలతో వెళ్లండి. అక్కడ గాలం వేయకూడదు, చూడడానికే.

కెనడాలోని వాంకూవర్ వైపు ఉన్నవారికి పద్ధతి ఇదే, లైసెన్సు వేరు. ఫ్రేజర్ నదిలో మిషన్ పట్టణం దగ్గరి రైలు వంతెనకు దిగువన పోటు నీరు, దానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు. ఎగువన మంచినీరు, దానికి బ్రిటిష్ కొలంబియా లైసెన్సు కావాలి. పోటు పట్టికలోని సున్నా కూడా రెండు దేశాల్లో ఒకే మట్టం కాదు, అంకెలు కలపవద్దు.

ఇంటికి వచ్చాక పరీక్ష

ముక్క కోసినప్పుడు మాంసం నారింజ రంగులో, గట్టిగా, పొరలు విడిపోకుండా ఉంటే మీ పోటు లెక్క సరిగ్గా కుదిరిందన్నమాట. రంగు పాలిపోయి, వేలితో నొక్కిన గుంట అలాగే ఉండిపోతే చేప మీరు అనుకున్నదానికంటే ముందే నదిలోకి వచ్చింది. వచ్చేసారి ఇంకా మొగ వైపుకు జరగండి. చమ్‌లో కొవ్వు తక్కువ కనుక వేపుడు కంటే చింతపండు పులుసుకు బాగా సరిపోతుంది. పులుసు బాగా మరిగి చిక్కబడిన తరువాతే పెద్ద ముక్కలు వేసి, గరిట పెట్టకుండా గిన్నె తిప్పుతూ ఎనిమిది పది నిమిషాల్లో దించండి. మన చేపల్లా అరగంట మరిగిస్తే ఎండిపోతుంది. ఆడచేప జన బఠాణీ గింజంత ఉంటుంది, నూనెలో పేలి ముఖాన పడుతుంది కనుక మూత పెట్టి వేయించాలి. పచ్చిగా తినాలనుకునేవారు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులు గడ్డకట్టించాలి, ఇంటి ఫ్రీజర్లు చాలావరకు అంత చల్లబడవు.

ఇంట్లో కుక్క ఉంటే తల, మొప్పలు, పేగులు దానికి అందకుండా చెత్తబుట్టలో మూట కట్టి వేయండి. ఈ ప్రాంతపు పచ్చి సాల్మన్‌లోని పరాన్నజీవి ద్వారా సోకే జబ్బుకు వెంటనే మందు పడకపోతే కుక్కలు చనిపోతాయి. చేప తిన్న వారం రోజుల్లో వాంతులు, జ్వరం కనబడితే పచ్చి సాల్మన్ తిన్నదని పశువైద్యుడికి ముందుగా చెప్పండి.